ఓడ మీది లోహపు పలక: 'ది మ్యాట్రిక్స్' సినిమాల్లో బైబిల్ ఏం చేస్తోంది?

యంత్రాలు మనుషుల్ని తొట్టెల్లో నిద్రపుచ్చి, మ్యాట్రిక్స్ అనే కల్పిత ప్రపంచంలో బతుకుతున్నామని భ్రమింపజేసే కథ 'ది మ్యాట్రిక్స్'. మొదటి సినిమాలో తిరుగుబాటుదారుల నాయకుడు మార్ఫియస్, రక్షకుడని నమ్మి తాను మేల్కొలిపిన నియోకి తన ఓడని చూపిస్తున్నప్పుడు కెమెరా ఒక లోహపు పలక మీదుగా జారిపోతుంది. రెప్ప వేస్తే తప్పిపోయేంత సేపే కనిపిస్తుంది అది. ఓడ పేరు నెబుకద్నెజర్, తయారైంది అమెరికాలో, సంవత్సరం 2069, ఆ పైన 'మార్క్ 3, నంబర్ 11' అని ఉంటుంది. యంత్రాలతో పనిచేసేవాళ్లకి అందులో వింతేమీ లేదు, మూడో మోడల్‌లో పదకొండో ఓడ అనుకుని ఊరుకుంటారు. ఆదివారం గుడికి వెళ్లే అలవాటున్నవాళ్లు మాత్రం దాన్ని మార్కు సువార్త మూడో అధ్యాయం, పదకొండో వచనం అని చదువుతారు. బైబిల్ తీసి చూస్తే అక్కడ ఉన్న సంగతి ఇది: అపవిత్రాత్మలు పట్టినవాళ్లు యేసుని చూడగానే ఆయన ముందు సాగిలపడి, నువ్వు దేవుడి కుమారుడివి అని కేకలు పెట్టేవాళ్లు.

ఈ పలక గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చూశారా, నియో అంటే యేసే, దర్శకులే రాసి పెట్టారు, అయిపోయింది. కానీ ఆ వచనంలో ఆ మాట అంటున్నది ఎవరు? శిష్యులు కాదు, భక్తులు కాదు, దయ్యాలు. రక్షకుడు ఎవరో అందరికంటే ముందు శత్రువుకి తెలిసిపోతుంది, తెలిసి నోరు మూసుకోలేకపోతుంది. ఈ చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, నాలుగేళ్ల తర్వాత వచ్చిన మూడో సినిమా చివర్లో దీని లెక్క తేలుతుంది.

మొదటి సినిమా అమెరికాలో విడుదలైంది 1999 మార్చి 31న. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 4. అంటే చచ్చి లేచిన హీరో కథ సరిగ్గా పవిత్ర వారంలో, బుధవారం నాడు థియేటర్లకి వచ్చింది. దర్శకులు వచావ్‌స్కీలు గ్రీకు పురాణం, బౌద్ధం, ఫ్రెంచ్ తత్వం, కుంగ్‌ఫూ అన్నీ ఒకే కుండలో వేసి వండినవాళ్లు కాబట్టి బైబిల్ ఒక్కటే ఈ సినిమాకి తాళంచెవి అనడం అన్యాయం. అయినా పేర్ల దగ్గర నుంచి మొదలుపెడితే బైబిల్ వాటానే ఎక్కువ కనిపిస్తుంది.

హీరో అసలు పేరు థామస్ ఆండర్సన్. థామస్ అంటే తోమా, యేసు లేచాడంటే నమ్మనని, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనని భీష్మించుకున్న శిష్యుడు. (సంప్రదాయం ప్రకారం ఆ తోమాయే మన దేశానికి వచ్చి, చెన్నైలో పరంగిమల అని పిలిచే కొండ మీద ప్రాణం విడిచాడు.) ఇక ఆండర్సన్‌లో 'ఆండ్రోస్' అంటే గ్రీకులో మగవాడు, 'సన్' అంటే కొడుకు. కలిపితే తెలుగు బైబిల్లో యేసు తన గురించి తాను చెప్పుకునే మాటే వస్తుంది, మనుష్యకుమారుడు. అనుమానించేవాడూ రక్షకుడూ ఒకే మనిషిలో ఉన్నారన్నమాట. ఇది ఊరికే పేరుకి పెట్టింది కాదని ఒక సీన్ చెబుతుంది. శిక్షణలో నియో ఒక మేడ మీద నుంచి ఇంకో మేడ మీదకి దూకబోయి కింద పడతాడు. ఓడలో కళ్లు తెరిచేసరికి నోట్లో రక్తం. వేలితో తుడుచుకుని చూసి, అది నిజం కాదనుకున్నానే అంటాడు. మనసు నమ్మితే నిజమే అంటాడు మార్ఫియస్. పాత తోమా ఇంకొకరి గాయం ముట్టుకుని నమ్మాడు, ఈ తోమా తన రక్తమే తాను ముట్టుకుని నమ్మడం మొదలుపెట్టాడు.

సినిమా మొదట్లో నియో గది నంబర్ 101 తలుపు కొట్టి, దొంగ డిస్క్ కొనుక్కెళ్లే చోయ్ అనే కుర్రాడు అతన్ని పట్టుకుని హల్లెలూయా, నా రక్షకుడివి నువ్వు, నా సొంత యేసు క్రీస్తువి అని పొగుడుతాడు. చూసేవాళ్లు నవ్వి వదిలేసే డైలాగ్ అది, కానీ సినిమా మొత్తంలో నియోని క్రీస్తు అని బాహాటంగా అన్నది ఆ ఒక్కడే, అదీ మత్తులో తిరిగే గ్యాంగ్‌లోని ఒకడు. పెద్దమాటని చిల్లర మనిషి నోట పెట్టడం ఈ దర్శకులకి సరదా.

నియోని ప్రేమించే తిరుగుబాటుదారు ట్రినిటీ పేరు మాత్రం అంత బరువు మోయదు. త్రిత్వం అని పేరు పెట్టారు, 303 నంబర్ గదిలో ఆమెని మొదటిసారి చూపించి అదే 303 ముందు నియోని చంపారు, మూడంకె మీద మోజు తప్ప అందులో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల సంగతేమీ లేదు. ఆమె చేసే అసలు పని చచ్చినవాణ్ని ప్రేమతో వెనక్కి తేవడం, ఆ లెక్కన మన సావిత్రి పేరు పెట్టినా సరిపోయేది.

ఓడ పేరు దగ్గర మాత్రం ఆగి చూడాలి. మనుషులు మిగిలిన ఆఖరి ఊరి పేరు జయాన్, అంటే తెలుగు క్రైస్తవ పాటల్లో చెవులకి బాగా అలవాటైన సీయోను. దేవుడి కొండ, యెరూషలేముకి ముద్దుపేరు. ఆ ఊరిని కాపాడటానికి తిరిగే ఓడకి నెబుకద్నెజర్ అని పేరు పెట్టారు. ఎవరీయన? క్రీస్తుపూర్వం 586లో యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టించి, జనాన్ని బబులోనుకి చెరపట్టుకుపోయిన రాజు. లంకకి కాపలా తిరిగే విమానానికి హనుమంతుడి పేరు పెట్టినట్టు ఉంది వ్యవహారం! మామూలుగా చెప్పే వివరణ ఏంటంటే, దానియేలు గ్రంథం రెండో అధ్యాయంలో ఈ రాజుకి ఒక కల వస్తుంది, నిద్ర పట్టదు, జ్ఞానులందరినీ పిలిపించి కల భావమే కాదు, కల ఏంటో కూడా మీరే చెప్పాలి, లేకపోతే ముక్కలు చేయిస్తాను అంటాడు. మార్ఫియస్ గ్రీకుల కలల దేవుడు కాబట్టి కలల దేవుడు నడిపే ఓడకి కలగన్న రాజు పేరు. బాగానే కుదిరింది. రెండో సినిమాలో ఓడ పేలిపోయినప్పుడు మార్ఫియస్ నేనొక కల కన్నాను, ఆ కల నన్ను విడిచిపోయింది అంటాడు, అది ఆ రాజు మాటే.

కానీ ఊరిని కూల్చిన రాజు పేరుని ఊరి ఓడకే పెట్టడం దాంతో సర్దుకోదు. దానికి జవాబు రెండో సినిమాలో, మ్యాట్రిక్స్‌ని కట్టిన ఆర్కిటెక్ట్ గదిలో దొరుకుతుంది. జయాన్ ఇదివరకే ఐదుసార్లు కూలింది, నియో ఆరో రక్షకుడు, అసలు రక్షకుడనే ఏర్పాటే యంత్రాలు తమ వ్యవస్థ సజావుగా నడవడానికి పెట్టుకున్న ఒక భాగం. తిరగబడేవాళ్లకి ఒక ప్రవచనం కావాలి, ఒక అభిషిక్తుడు కావాలి, అవి చేతికిస్తే వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు, సమయం రాగానే అన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంటే సీయోనుని కాపాడుతున్నామని ఆ ఓడ తిరిగినంత కాలం, తెలియకుండా దాని విధ్వంసానికే దారి వేస్తోంది. పేరు తప్పు పెట్టలేదు. మొదటి సినిమా చూసినప్పుడు మాత్రం ఇది ఎవరికీ తట్టే అవకాశం లేదు, వచావ్‌స్కీలకి అప్పటికే తెలుసో, తర్వాత కలిసొచ్చిందో చెప్పడం కష్టం.

ఇంకో తిరగేసిన కథ ఏదెను తోట. మ్యాట్రిక్స్‌లో యంత్రాల తరఫున కాపలా కాసే ఏజెంట్ స్మిత్, మార్ఫియస్‌ని కుర్చీకి కట్టేసి తీరిగ్గా చెప్పే సంగతుల్లో ఒకటి, మొదట కట్టిన మ్యాట్రిక్స్‌లో బాధ అనేదే లేదని, అందరూ సుఖంగా ఉండేలా చేస్తే మనుషులు దాన్ని నమ్మలేక పంటలకి పంటలే పోయాయని. పరదైసు తయారుచేసి ఇస్తే నిలవలేదన్నమాట. దీని పక్కన, మ్యాట్రిక్స్ నుంచి మేలుకోవడానికి మార్ఫియస్ నియోకి ఇచ్చే ఎర్ర మాత్ర పెట్టి చూడండి. ఆదికాండంలో సర్పం హవ్వకి ఇచ్చిన హామీ, ఇది తింటే మీ కళ్లు తెరుచుకుంటాయని. తిన్నారు, తెరుచుకున్నాయి, దిగంబరంగా ఉన్నామని తెలిసింది. నియో మాత్ర మింగుతాడు, గొట్టాలు తగిలించి జిగట ద్రవంలో నగ్నంగా ఉన్న తన ఒంటిని మొదటిసారి చూసుకుంటాడు, కాసేపటికి కళ్లు ఎందుకు నొప్పి పెడుతున్నాయని అడుగుతాడు, వాటిని నువ్వు ఇంతవరకు వాడలేదు కాబట్టి అంటాడు మార్ఫియస్. వరసలన్నీ ఆదికాండంవే, తీర్పు మాత్రం తలకిందులు. అక్కడ తినమన్నవాడు మోసగాడు, ఇక్కడ మింగమన్నవాడు గురువు. జ్ఞానమే విడుదల, ఈ లోకాన్ని కట్టినవాడే బంధించినవాడు అని తొలి శతాబ్దాల్లో చర్చి వెలివేసిన నాస్టిక్కులు చెప్పింది సరిగ్గా ఇదే. అందుకే ఈ సినిమాని పూర్తి క్రైస్తవ కథగా తీసుకుని ప్రసంగాల్లో వాడుకునేవాళ్లు ఈ మాత్ర దగ్గర కొంచెం జాగ్రత్తగా మింగాలి.

మార్ఫియస్ ఓడలోనే ఉంటూ ద్రోహం చేసే సైఫర్, యేసుని అప్పగించిన శిష్యుడు యూదా అని చిన్నపిల్లలైనా చెబుతారు. భోజనం బల్ల దగ్గర బేరం, స్నేహితుల్ని అప్పగించడం, చివరికి దిక్కులేని చావు. నియోకి రాత్రిపూట తన నాటు సారా కప్పు అందించే సీన్ కూడా ఉంది, ఒకే గిన్నెలో చెయ్యి ముంచినవాడే అప్పగిస్తాడన్న మాట గుర్తొచ్చేలా. అయితే యూదాకంటే ఎక్కువగా సైఫర్‌కి పోలిక కుదిరేది అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయులతో. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డాక వాళ్లకి రోజూ తినడానికి దొరికింది మన్నా ఒక్కటే. కొన్నాళ్లకి మొహం మొత్తి ఏడవడం మొదలుపెట్టారు, మాకు మాంసం ఎవరు పెడతారు, ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి ఎక్కడ, ఇక్కడ ఈ మన్నా తప్ప కంటికి ఏమీ కనిపించట్లేదు అని సంఖ్యాకాండం పదకొండో అధ్యాయంలో గోల. ఇప్పుడు ఓడలో భోజనం చూడండి. తెల్లటి, జారుడు జావ ఒకటి పంపు తిప్పి గిన్నెలో పట్టుకుంటారు, పోషకాలన్నీ ఉంటాయి, రుచి ఉండదు, రోజూ అదే. కాస్త అటూ ఇటూగా సైఫర్ హోటల్లో కూర్చుని ఫోర్కుకి గుచ్చిన స్టీక్ ముక్కని కళ్ల ముందు తిప్పుకుంటూ, ఈ మాంసం లేదని నాకు తెలుసు, నోట్లో పెట్టుకుంటే రసాలూరుతూ బ్రహ్మాండంగా ఉందని మ్యాట్రిక్స్ నా మెదడుకి చెబుతుందనీ తెలుసు అంటాడు. తొమ్మిదేళ్లు ఆ జావ తాగిన మనిషి. అతను అడిగింది ముప్పై వెండి నాణేలు కాదు, మళ్లీ ఐగుప్తులో పడుకోబెట్టమని, పైగా తిరిగి వచ్చినట్టు కూడా గుర్తుండకూడదని. స్వేచ్ఛ వచ్చిన తర్వాత పూటపూటా తినాల్సిన చప్పిడి తిండి సంగతి ఇంత తిన్నగా చూపించిన యాక్షన్ సినిమాలు తక్కువ, ఆ ముక్క నములుతున్నప్పుడు సైఫర్‌గా నటించిన జో పాంటొలియానో మొహం చూస్తే అతని మీద కోపం కూడా పూర్తిగా రాదు.

ఇన్ని పోలికలున్నా మొదటి సినిమాలో ఒక పెద్ద చిక్కు ఉంది. గెత్సేమనే తోటలో యేసుని పట్టుకోవడానికి వచ్చినప్పుడు పేతురు కత్తి దూసి ఒకడి చెవి నరికితే, కత్తి ఒరలో పెట్టు, కత్తి పట్టినవాళ్లు కత్తితోనే పోతారు అంటాడు యేసు. ఇక్కడ తన గురువు బందీ అయితే నియో చేసిన మొదటి పని తుపాకులు కావాలి, బోలెడు కావాలి అని అడగడం. ఆ తర్వాతి లాబీ ఫైట్‌కి థియేటర్లో ఈలలు పడ్డాయి, స్తంభాలు పొట్టు లేచిపోతుంటే ఎవరైనా ఈల వేస్తారు, కానీ అక్కడ చచ్చిన కాపలావాళ్లు యంత్రాలు కాదు. ఎక్కడో తొట్టెల్లో నిద్రపోతున్న మామూలు మనుషులు, ఎవర్ని విడిపించడానికి ఈ రక్షకుడు వచ్చాడో వాళ్లే. ఇంకా మేలుకోనివాడు ఎవడైనా శత్రువే అనుకోవాలి అని మార్ఫియస్ ముందే చెప్పి ప్రేక్షకుడి మనసుకి ఊరట ఇచ్చేస్తాడు. చచ్చి లేవడం, చివర్లో ఆకాశంలోకి ఎగిరిపోవడం అన్నీ క్రీస్తువే, చేసిన పని మాత్రం పేతురు చేస్తుంటే యేసు ఆపేసిన పని. మొదటి సినిమాలో నియోకి క్రీస్తు పేరు ఉంది, క్రీస్తు పని లేదు.

ఆ పని మూడో సినిమా 'రెవల్యూషన్స్'లో ఉంది, జనానికి ఎక్కువగా నచ్చనిది అదే కావడం తమాషా.

దానికి ముందు స్మిత్ సంగతి చూడాలి. మొదటి సినిమా చివర్లో నాశనమైన స్మిత్ రెండో సినిమాలో ఇంకో రకంగా తిరిగొస్తాడు. అతను వచ్చే కారు నంబర్ ప్లేట్ మీద 'ఐఎస్ 5416' అని ఉంటుంది, అంటే యెషయా 54:16, నిప్పులూది పనిముట్టు చేసే కమ్మరిని సృష్టించింది నేనే, నాశనం చేసేవాణ్ని సృష్టించిందీ నేనే అని దేవుడనే వచనం. ఇంగ్లిషులో స్మిత్ అంటే కమ్మరే. పలక మీది మార్కు వచనం కాకతాళీయమని ఎవరైనా అంటే అనొచ్చు, ఇది చూశాక అలా అనడం కష్టం. ఇప్పుడు స్మిత్ ఎదుటివాడి గుండెల్లోకి చెయ్యి దూర్చి నల్లటి ద్రవంలా ఒళ్లంతా పాకి తనలా మార్చేసుకుంటాడు, ఒకడు పదిమంది, పదిమంది వందమంది, బేన్ అనే తిరుగుబాటుదారుడి శరీరంలో దూరి ఏకంగా బయటి ప్రపంచంలోకి కూడా వచ్చేస్తాడు. మార్కు సువార్త ఐదో అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగే దయ్యం పట్టినవాణ్ని నీ పేరేంటి అని అడిగితే వచ్చిన జవాబు, నా పేరు సేన, ఎందుకంటే మేము అనేకులం. ఆ సేన రెండు వేల పందుల్లో దూరి సరస్సులో పడి చచ్చింది. స్మిత్‌ల సేన కూడా చివరికి వానలో, నీళ్లు నిండిన గోతిలోనే అంతమవుతుంది.

స్మిత్‌కి ఇంకో పట్టుదల ఉంది, నియోని నియో అనడు. మిస్టర్ ఆండర్సన్, మిస్టర్ ఆండర్సన్ అని సాగదీసి పిలుస్తాడు. బైబిల్లో పిలుపు అందుకున్నవాడికి పేరు మారుతుంది, అబ్రాము అబ్రాహామైనట్టు, సీమోను పేతురైనట్టు. ఆ కొత్త పేరుని ఒప్పుకోకపోవడమే స్మిత్ యుద్ధమంతా. మొదటి సినిమాలో రైలు పట్టాల మీద నియోని నొక్కిపట్టి, వస్తున్న రైలు చప్పుడు వినమంటాడు, అది తప్పించుకోలేనిదాని చప్పుడు, మీ చావు చప్పుడు, సెలవు మిస్టర్ ఆండర్సన్ అని. అప్పుడు పళ్లబిగువున నా పేరు నియో అంటాడు ఇతను. స్మిత్ ఒప్పుకోడు.

మూడో సినిమాలో నియో, ట్రినిటీ యంత్రాల నగరానికి వెళ్లే ఓడ పేరు లోగోస్. యోహాను సువార్త మొదటి వాక్యంలో, ఆదియందు వాక్యముండెను అన్నచోట ఉన్న గ్రీకు మాట అది. అప్పటికే నియోకి కళ్లు పోయాయి, దమస్కు దారిలో సౌలులా. తుపాకీ లేదు. శత్రువు దగ్గరికి వెళ్లి తనని తాను అప్పగించుకుని సంధి అడుగుతాడు, స్మిత్‌ని నేను ఆపుతాను, మీరు యుద్ధం ఆపండి, నాకు శాంతి తప్ప ఏమీ వద్దు అని. తర్వాత వాన, పిడుగులు, కొట్టుకోవడం, ఎగరడం, అదంతా అవసరానికి మించి సాగింది, ఒప్పుకోవాల్సిందే. ఆ కొట్లాట చివర్లో బురద గుంటలో పడి ఉన్న నియోని చూస్తూ స్మిత్ తడబడతాడు. ఇది నేను ముందే చూశాను, ఇక్కడ ఇలా నిలబడి నేనేదో అనాలి అని వెతుక్కుంటూ, మొదలైన ప్రతిదానికీ ముగింపు ఉంటుంది, నియో అంటాడు. అని, ఆ వెంటనే ఉలిక్కిపడి నేనిప్పుడు ఏమన్నాను అని తననే అడుగుతాడు.

నియో అన్నాడు! మూడు సినిమాల పాటు అతన్ని పిలవడానికి ఒప్పుకోని పేరు తన ప్రమేయం లేకుండా జారిపోయింది. అతను మింగేసిన ఒరాకిల్ అనే జోస్యురాలు లోపలి నుంచి పలికించిందని కథ ప్రకారం చెప్పుకోవచ్చు. ఓడ మీది పలకలో ఉన్న వచనం ప్రకారం చెప్పాలంటే, అపవిత్రాత్మ ఆయన్ని చూసి ఆయన ఎవరో కేక పెట్టి చెప్పింది. 1999లో మేకు కొట్టిన పలక, 2003 నవంబరులో నిజమైంది. నియో కూడా ఆ మాటతోనే లేచి, నువ్వన్నది నిజమే స్మిత్, ఇది తప్పించుకోలేనిదే అని రైలు పట్టాల నాటి మాటని తిరిగి అప్పజెప్పి, చేతులు దించేసి తనని మింగనిస్తాడు. కత్తి ఒరలోకి వెళ్లింది ఇక్కడే.

యంత్రాల నగరంలో తీగల మీద నియో శరీరం చేతులు బార్లా చాపి పడి ఉంటుంది, లోపలి నుంచి సిలువ ఆకారంలో వెలుగు పొంగుతుంది, యంత్రాల పెద్ద గొంతు అయిపోయింది అని ప్రకటిస్తుంది. ఇంగ్లిష్ బైబిల్ చదివేవాళ్లు ఇక్కడ వాదించుకుంటారు, సిలువ మీద యేసు అన్న మాట ఒకటి, ప్రకటన గ్రంథంలో సింహాసనం నుంచి వచ్చిన స్వరం అన్న మాట ఒకటి, సినిమాలో ఉన్నది రెండోదని. తెలుగు బైబిల్లో ఆ గొడవే లేదు, ప్రకటన 16:17లోనూ యోహాను 19:30లోనూ సమాప్తమైనది అనే ఉంటుంది. చనిపోయేవాడి మాటా, సింహాసనం మీదివాడి తీర్పూ ఒకే మాటైన చోట ఈ సీన్ ఇంకా బాగా అర్థమవుతుంది.

మన దగ్గర ఈ సినిమాలు చూసినవాళ్లు ఎక్కువగా ఇదంతా మాయావాదం, జగన్మిథ్య, శంకరాచార్యులు ఎప్పుడో చెప్పారు అనేస్తుంటారు. అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయిష అనే పాత జబ్బు అని తీసిపారేయొచ్చు కానీ, ఈసారి వాళ్ల చేతిలో కొంచెం సాక్ష్యం ఉంది. మూడో సినిమాలో నియో ఇరుక్కుపోయే రైల్వే స్టేషన్ పేరు మోబిల్ అవెన్యూ, ఆ మోబిల్ అక్షరాలు అటూ ఇటూ చేస్తే లింబో, కేథలిక్కులు చెప్పే నడిమి లోకం. ఆ లింబోలో అతనికి కనిపించేది రామ-కాండ్ర, కమల, వాళ్ల పాప సతి. సినిమా చివర్లో నియో కోసమని సూర్యోదయం తయారుచేసేది ఆ సతే. అతను మళ్లీ కనిపిస్తాడా అని అడిగితే, ఏదో ఒక రోజు కనిపిస్తాడనే అనుకుంటున్నా అంటుంది ఒరాకిల్, రెండో రాకడ కోసం ఎదురుచూసేవాళ్లలా.

ఇక ఆ ఆఖరి పోరాటం వెనక వినిపించే బృందగానం ఉందే, వాన హోరులో చాలామందికి లాటిన్ చర్చి పాటలా వినిపించేది, సంగీత దర్శకుడు డాన్ డేవిస్ దానికి వాడిన సాహిత్యం బృహదారణ్యక ఉపనిషత్తులోది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తెలుస్తుంది, స్మిత్ నోటి నుంచి ఆ పేరు జారిపోయే పోరాటానికి కోరస్ పాడుతున్నది అసతోమా సద్గమయ, తమసోమా జ్యోతిర్గమయ, మృత్యోర్మా అమృతం గమయ.